మత్తు డాక్టరు ఎవరో అడిగారా?

ఆపరేషన్‌కు ముందు పావుగంట మనసు విప్పి మాట్లాడితే తప్పిపోయే ప్రమాదాలు చాలా ఉన్నాయి

ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ అని తేలగానే మన కుటుంబాల్లో కొన్ని ప్రశ్నలు వరుసగా వస్తాయి. సర్జన్ ఎవరు? హస్తవాసి మంచిదేనా? ఎంతవుతుంది? ఆరోగ్యశ్రీ వర్తిస్తుందా? ఇన్సూరెన్స్ వాళ్లు ఎంత ఇస్తారు? ఆ రోజు తిథి బాగుందా? బంధువుల్లో ఎవరో ఒకరు నాలుగు ఫోన్లు చేసి సర్జన్ గురించి వాకబు చేస్తారు. మత్తు ఇచ్చేది ఎవరన్న ప్రశ్న మాత్రం దాదాపు ఏ ఇంట్లోనూ వినపడదు. ఆపరేషన్ సాగినంతసేపూ మనిషి ఊపిరిని, గుండెను, రక్తపోటును కనిపెట్టుకుని ఉండేది ఆ డాక్టరే. అయినా ఆయన పేరు చాలామందికి బిల్లు చేతికొచ్చాక గానీ తెలియదు.

నేను మత్తు డాక్టర్ని కాను. ప్రభుత్వ ఆసుపత్రిలో ఫిజీషియన్ని. ఆపరేషన్‌కు ముందు 'ఫిట్‌నెస్ రాయించుకు రండి' అని పంపితే నా ఓపీకి వచ్చేవాళ్లను రోజూ చూస్తుంటాను. చేతిలో ఈసీజీ కాగితం, రక్తపరీక్షల రిపోర్టులు పట్టుకుని ఒక్క సంతకం కోసం నిలబడతారు. 'అన్నీ నార్మలే అన్నారు డాక్టరు గారూ, సైన్ పెడితే వెళ్లిపోతాం' అంటారు. నా అభిప్రాయం సూటిగా చెప్తాను. మత్తు వల్ల వచ్చే చిక్కుల్లో చాలావాటిని థియేటర్ గుమ్మం దాటకముందే, ఈ దశలోనే తగ్గించవచ్చు. వివరంగా జరగాల్సిన ఈ సంభాషణను ఒక సంతకంగా కుదించేశాం. అందులో ఆసుపత్రులకూ వాటా ఉంది, కుటుంబాలకూ ఉంది.

భయం ఎంత, ప్రమాదం ఎంత?

'మత్తిస్తే మళ్లీ లేస్తామా?' అన్న భయం ఇప్పటికీ చాలామందిలో ఉంది. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. 1846 అక్టోబర్ 16న అమెరికాలోని బోస్టన్‌లో విలియం మోర్టన్ అనే దంతవైద్యుడు ఈథర్‌తో రోగిని నిద్రపుచ్చి, నొప్పి లేకుండా ఆపరేషన్ చేయవచ్చని అందరి ముందూ చూపించాడు. మరుసటి ఏడాది క్లోరోఫాం వచ్చింది. 1848 జనవరిలో ఇంగ్లండ్‌లో హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ల అమ్మాయి కాలిగోరు తీయించుకోవడానికి క్లోరోఫాం పీల్చి నిమిషాల్లో ప్రాణం వదిలింది. ఆపరేషన్ చిన్నదైతే మత్తు కూడా చిన్న విషయమే అనుకోకూడదని అప్పుడే తేలింది.

క్లోరోఫాం ఎందుకు ప్రాణం తీస్తోందన్న ప్రశ్నకు జవాబు వెతికిన చోట్లలో మన హైదరాబాద్ ఒకటి. రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో, నిజాం ప్రభుత్వ ఖర్చుతో 1888, 1889లలో రెండు క్లోరోఫాం కమిషన్లు ఇక్కడే పనిచేశాయి. రెండో కమిషన్ కోసం లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అనే ప్రసిద్ధ వైద్యుడు వచ్చారు. వందలాది జంతువుల మీద ప్రయోగాలు చేసి, గుండె కన్నా ముందు ఊపిరి ఆగుతుంది కాబట్టి మత్తిచ్చేవాళ్ల కళ్లు ఊపిరి మీదే ఉండాలని తేల్చారు. హైదరాబాద్ వైద్య పాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూంజీ, ప్రపంచంలోని తొలి మహిళా మత్తు వైద్యుల్లో ఒకరిగా పేరు తెచ్చుకున్నదీ ఆ రోజుల్లోనే. కమిషన్ తేల్చినదంతా నిలబడలేదు. క్లోరోఫాం మత్తు పైపైన ఉన్నప్పుడు గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగిపోగలదని 1911లో గుడ్‌మన్ లెవీ చూపించాడు. ఊపిరిని క్షణం కూడా వదలకుండా గమనించాలన్న మాట మాత్రం ఈనాటికీ మారలేదు.

ఇప్పుడు పరిస్థితి ఎంతో మెరుగు. బ్రిటన్‌లో మత్తు వల్లనే నేరుగా సంభవించే మరణాలు సుమారు లక్ష జనరల్ అనస్థీషియాలకు ఒకటి అని అక్కడి వైద్యులు రోగులకు చెబుతారు. ప్రాణం మీదికి తెచ్చే ఎలర్జీ సుమారు పదివేలకు ఒకటి. ఆపరేషన్ మధ్యలో తెలివి వచ్చిందని రోగి తర్వాత చెప్పడం సుమారు పంతొమ్మిది వేలకు ఒకటి. గొంతునొప్పి, వాంతులు, వణుకు, కొద్దిసేపు మగత వంటివి మాత్రం చాలామందికి వస్తాయి, ఒకటి రెండు రోజుల్లో పోతాయి. కదిలే పన్ను ఉంటే గొట్టం వేసేటప్పుడు ఊడవచ్చు.

అయితే ఆ అంకెలు అక్కడివని గుర్తుంచుకోవాలి. రోగిని ముందే చూడటం, యంత్రాలతో అనుక్షణం గమనించడం, తర్వాత రికవరీ గదిలో కాపలా ఉండటం అన్న మూడూ సక్రమంగా జరిగే చోట వచ్చిన అంకెలవి. అంకెలు మనకూ కావాలంటే ఆ పద్ధతులు కూడా కావాలి.

ఖాళీ కడుపు ఎందుకు?

మత్తులో ఉన్నప్పుడు దగ్గు, మింగడం వంటి రక్షణలు పనిచేయవు. కడుపులో ఉన్నది పైకి తన్నితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కడుపులోని ఆమ్లం అక్కడ చేసే నష్టం తీవ్రంగా ఉంటుంది. పిల్లాడు ఆకలికి ఏడుస్తున్నాడని అమ్మమ్మ చాటుగా పాలు పట్టడం, 'ఒక్క ఇడ్లీకి ఏమవుతుందిలే' అని తినేసి పైకి చెప్పకపోవడం అందుకే ప్రమాదం. తిన్నట్టు చెబితే ఆపరేషన్ కొన్ని గంటలు వాయిదా పడుతుంది, అంతే. చెప్పకపోతే వెంటిలేటర్ దాకా వెళ్లే అవకాశం ఉంది.

మామూలుగా పాటించే లెక్క ఇది. వేపుళ్లు, బిర్యానీ, మాంసం అయితే 8 గంటలు. ఇడ్లీ వంటి తేలికపాటి తిండి, ఆవు పాలు, గేదె పాలు, డబ్బా పాలు అయితే 6 గంటలు. తల్లిపాలు 4 గంటలు. మంచినీళ్లు, పాలు కలపని టీ, గుజ్జు లేని పండ్లరసం 2 గంటలు. పాలు కలిపిన కాఫీ, టీలు పాల లెక్కలోకే వస్తాయి. గర్భిణులకు, ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవాళ్లకు, అత్యవసరంగా వచ్చినవాళ్లకు కడుపు త్వరగా ఖాళీ కాకపోవచ్చు కాబట్టి వాళ్ల విషయంలో డాక్టరు చెప్పిందే లెక్క.

ఇక్కడ మా ఆసుపత్రులను కూడా అనాలి. 'రాత్రి పన్నెండు తర్వాత ఏమీ ముట్టొద్దు' అని చెప్పి, మరుసటి మధ్యాహ్నం రెండింటిదాకా పసిపిల్లలను, ముసలివాళ్లను నాలుక తడి లేకుండా పడుకోబెట్టడం సరికాదు. లిస్టులో ఎవరి వంతు ఎప్పుడో ఉదయమే చెప్పగలిగితే, రెండు గంటల ముందు వరకు నీళ్లు ఇవ్వవచ్చు. దీనికి డబ్బు ఖర్చు లేదు.

దాచుకునే విషయాలు

ఓపీలో అత్తగారి ముందు కోడలు, కొడుకు ముందు తండ్రి, సంబంధం కుదిరిన అమ్మాయి ఎవరి ముందైనా కొన్ని సంగతులు చెప్పరు. తాగుడు అలవాటు, గుట్కా, మూర్ఛకు మాత్రలు, మానసిక సమస్యకు మాత్రలు, గర్భం ఉండొచ్చన్న అనుమానం వంటివన్నీ మత్తు డాక్టరుకు కావలసినవే. రోజూ తాగే మనిషి ఆసుపత్రిలో చేరి హఠాత్తుగా మానేస్తే రెండు మూడు రోజుల్లో వణుకు, కలవరింతలు, ఫిట్స్ రావచ్చు. ముందే తెలిస్తే మందులతో ఆపగలం. అందరి ముందూ చెప్పలేకపోతే 'డాక్టరు గారూ, ఒక్క నిమిషం విడిగా మాట్లాడాలి' అనండి. అది మీ హక్కు.

మందుల సంగతి ఇంకా ముఖ్యం. కొన్నింటిని ఆపాలి, కొన్నింటిని ఆపకూడదు. బీపీకి, గుండెకు వాడే కొన్ని మాత్రలు హఠాత్తుగా మానేస్తేనే ముప్పు. వాటిని ఆపరేషన్ రోజు ఉదయం కూడా ఒక గుక్క నీళ్లతో వేసుకోమంటాం. గుండెలో స్టెంట్ ఉన్నవాళ్లు రక్తం పలుచన చేసే మందు సొంతంగా ఆపితే స్టెంట్ మూసుకుపోవచ్చు. అదే మందు వాడుతూ ఉండగా వెన్నులోకి సూది వేస్తే వెన్నుపాము పక్కన రక్తం గూడుకట్టి కాళ్లు పడిపోయే అవకాశం ఉంది. ఎప్పుడు ఆపాలో, అసలు ఆపాలో వద్దో గుండె డాక్టరు, సర్జన్, మత్తు డాక్టరు కలిసి తేల్చాలి.

షుగర్ మందుల్లో ఈ మధ్య బాగా వాడుకలోకి వచ్చిన డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మాత్రలను ముందుగా నిర్ణయించుకున్న ఆపరేషన్‌కు సాధారణంగా మూడు రోజుల ముందే ఆపిస్తాం. ఉపవాసంలో ఇవి రక్తంలో ఆమ్లాన్ని పెంచుతాయి, షుగర్ అంకె మామూలుగానే కనిపిస్తుంది కాబట్టి ప్రమాదం బయటపడదు. బరువు తగ్గడానికి, షుగర్‌కు వాడే సెమాగ్లుటైడ్ రకం మందులు కడుపు ఖాళీ అవడాన్ని ఆలస్యం చేస్తాయి. నియమం ప్రకారం ఉపవాసం ఉన్నా లోపల తిండి మిగిలి ఉండవచ్చు. కీళ్లనొప్పులకు, ఆయాసానికి ఊళ్లో ఎవరో ఇచ్చిన పేరులేని పొట్లాల్లో స్టెరాయిడ్ కలిసి ఉండే అవకాశం ఉంది. నెలల తరబడి వాడినవాళ్లలో ఆపరేషన్ ఒత్తిడికి బీపీ పడిపోవచ్చు. కాబట్టి పేర్లు గుర్తుపెట్టుకోనక్కర్లేదు, వాడే మందులన్నీ, పొట్లాలతో సహా, ఒక సంచిలో వేసుకుని రండి.

కుటుంబ చరిత్రే కాపాడింది

1960లో ఆస్ట్రేలియా వైద్యులు ఒక యువకుడి గురించి ప్రపంచానికి చెప్పారు. కాలు విరిగి వచ్చిన అతను ఆపరేషన్ కన్నా మత్తుకే ఎక్కువ భయపడ్డాడు. కారణం అడిగితే, తన బంధువుల్లో పదిమంది మత్తులోనే చనిపోయారన్నాడు. డాక్టర్లు ఆ మాటను కొట్టిపారేయలేదు. ఈథర్ మానేసి వేరే మందు ఇచ్చి, కనిపెట్టుకుని ఉన్నారు. కొద్ది నిమిషాల్లోనే తేడా కనిపించగానే మత్తు ఆపి, ఐసుతో ఒళ్లు చల్లబరిచి బతికించారు. వంశపారంపర్యంగా వచ్చే ఆ అరుదైన స్థితిని మాలిగ్నెంట్ హైపర్‌థెర్మియా అంటారు. విరుగుడు మందు డాంట్రోలీన్ మన దేశంలో అన్ని చోట్లా దొరకదు. కాబట్టి ముందే తెలియడం మనకు ఇంకా అవసరం.

మన తెలుగువాళ్లకు దగ్గర విషయం మరొకటి ఉంది. గొంతులో గొట్టం వేయడానికి కండరాలను వదులు చేసే సక్సినైల్‌కోలిన్ అనే మందు ప్రభావం మామూలుగా ఐదు, పది నిమిషాల్లో పోతుంది. రక్తంలో ఉండే ఒక ఎంజైము దాన్ని విరిచేస్తుంది. ఆ ఎంజైము పుట్టుకతోనే లోపించినవాళ్లకు కండరాలు గంటల తరబడి కదలవు, సొంతంగా ఊపిరి తీసుకోలేరు. ఈ లోపం వైశ్య కుటుంబాల్లో ఇతరుల కన్నా సుమారు వంద రెట్లు ఎక్కువగా కనిపిస్తుందని, హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాల్గొన్న 2017 నాటి జన్యు అధ్యయనం పేర్కొంది. తరతరాలుగా ఆ సమూహంలోనే పెళ్లిళ్లు జరగడం దీనికి కారణం. ఇందులో భయపడటానికి గానీ, చిన్నబుచ్చుకోవడానికి గానీ ఏమీ లేదు. రోజువారీ జీవితంలో ఈ లోపం వల్ల ఏ ఇబ్బందీ ఉండదు. ఇతరుల్లోనూ అరుదుగా ఉండొచ్చు. ముందే తెలిస్తే వేరే మందు వాడతారు. తెలియక ఇచ్చినా, మందు ప్రభావం పోయేదాకా వెంటిలేటర్ మీద ఉంచి నిద్రలోనే కాపాడితే పూర్తిగా కోలుకుంటారు. 'మా బాబాయికి ఆపరేషన్ అయ్యాక చాలాసేపు ఊపిరి రాలేదట' అన్న ఒక్క మాట ఇక్కడ ఖరీదైన స్కాన్ కన్నా విలువైనది. మీకే అలా జరిగి ఉంటే డిశ్చార్జి కాగితంలో రాయించుకుని, ఇంట్లో అందరికీ చెప్పండి.

పిల్లలు, పెద్దలు, సిజేరియన్ తల్లులు

జలుబు, దగ్గు ఉన్న పిల్లలకు మత్తిస్తే గొంతు బిగుసుకుపోయే ప్రమాదం పెరుగుతుంది. వాయిదా వేయగలిగిన ఆపరేషన్‌ను రెండు వారాలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ వాయిదా వేస్తారు. సెలవు పెట్టాం, ముహూర్తం చూశాం అని పట్టుబట్టకండి.

పెద్దవాళ్లలో ఆపరేషన్ తర్వాత కొన్నిరోజులు మనుషులను గుర్తుపట్టకపోవడం, రాత్రిళ్లు కలవరించడం కనిపిస్తుంది. కళ్లజోడు, వినికిడి యంత్రం వెంటనే ఇవ్వడం, తెలిసిన మనిషి పక్కన కూర్చుని పలకరించడం బాగా సాయపడతాయి. ఇక తుంటి ఎముక విరిగిన ఎనభై ఏళ్ల పెద్దాయనకు 'ఫిట్‌నెస్ లేదు' అని వారాల తరబడి మంచంలో ఉంచడం నాకు నచ్చని పని. మంచంలోనే పుండ్లు, నిమ్ము, కాళ్లలో రక్తం గడ్డలు వస్తాయి. అందుకే ఫిట్, అన్‌ఫిట్ అన్న మాటలే సరైనవి కావంటాను. చేస్తే ఎంత ప్రమాదం, చేయకపోతే ఎంత ప్రమాదం, ఏ జాగ్రత్తతో తగ్గించగలం అన్నదే ఫిజీషియన్ రాయాల్సింది. కుటుంబం అడగాల్సిందీ అదే.

'సిజేరియన్‌లో నడుముకిచ్చిన ఇంజెక్షన్ వల్లే ఈ నడుమునొప్పి' అని పదేళ్ల తర్వాత కూడా అంటుంటారు. సూది గుచ్చిన చోట కొన్నిరోజులు నొప్పి ఉండొచ్చు. ఏళ్ల తరబడి ఉండే నొప్పికి ఆ ఇంజెక్షనే కారణమని అధ్యయనాల్లో తేలలేదు. గర్భంతో వదులైన కండరాలు, వంగి పాలివ్వడం, బిడ్డను ఎత్తుకోవడం అసలు కారణాలు. నిజంగా రాగలిగేది తలనొప్పి. కూర్చుంటే పెరిగి, పడుకుంటే తగ్గుతుంది. 1898లో ఈ పద్ధతిని ప్రవేశపెట్టిన జర్మన్ సర్జన్ ఆగస్ట్ బియర్ తన మీదే ప్రయోగం చేయించుకుని ఆ తలనొప్పి అనుభవించాడు. ఇప్పటి సన్నని సూదులతో అది బాగా తగ్గింది, వచ్చినా చికిత్స ఉంది. తలనొప్పితో పాటు జ్వరం, మెడ బిగుసుకోవడం, కాళ్లలో బలం తగ్గడం, మూత్రం ఆగిపోవడం ఉంటే మాత్రం ఆ క్షణమే ఆసుపత్రికి రావాలి.

ఆసుపత్రులు మారాల్సింది

చిన్న ఆసుపత్రుల్లో మత్తు డాక్టరు ఫోన్ చేస్తే వస్తారు. టేబుల్ మీదే రోగిని మొదటిసారి చూసి, ఆపరేషన్ అవగానే మరో ఆసుపత్రికి పరుగెత్తే పరిస్థితి చాలాచోట్ల ఉంది. తప్పు ఆ డాక్టరు ఒక్కరిదే అనలేం. రోగిని ముందురోజు చూసినందుకు ఫీజు ఇచ్చే అలవాటు ఎక్కడా సరిగ్గా లేదు. సర్కారు ఆసుపత్రుల్లో ఒకే మత్తు డాక్టరు మీద ఎన్నో కేసుల భారం. ముందుగా నిర్ణయించుకున్న ప్రతి ఆపరేషన్‌కూ మత్తు డాక్టరు ముందే చూడటాన్ని తప్పనిసరి చేసి, ప్యాకేజీల్లో దానికి విడిగా డబ్బు కేటాయించాలి. ఫిజీషియన్ సంతకం ఆ పరీక్షకు ప్రత్యామ్నాయం కాదు.

కరోనాతో ఇంటింటికీ తెలిసిన పల్స్ ఆక్సీమీటర్ ప్రతి థియేటర్‌లో ఉంటుంది. దాంతోపాటు బయటికి వదిలే గాలిలో కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచే క్యాప్నోగ్రాఫ్ కూడా ఉండాలి. గొట్టం ఊపిరి దారిలో కాక అన్నవాహికలో పడితే అది వెంటనే చెబుతుంది, ఆక్సీమీటర్‌లో అంకె పడేసరికి విలువైన నిమిషాలు గడిచిపోతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఇచ్చిన 19 అంశాల చెక్‌లిస్టును ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల్లో పరీక్షిస్తే, ఆపరేషన్ మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. ఒక్క కాగితం సాధించిన ఫలితం అది. దాన్ని ఆపరేషన్ అయ్యాక ఒకేసారి టిక్కులు పెట్టే కాగితంగా మార్చుకోకూడదు.

మీరు అడగాల్సినవి

• మత్తు ఇచ్చేది ఎవరు? ముందే ఒకసారి కలవవచ్చా?
• పూర్తి మత్తా, వెన్నుకిచ్చేదా, ఆ భాగానికే ఇచ్చేదా? మా మనిషికి అదే ఎందుకు?
• మా మనిషికి ఉన్న జబ్బుల వల్ల అదనపు ప్రమాదం ఏమిటి?
• ఏ మాత్ర ఆపాలి, ఏది ఆపరేషన్ రోజు కూడా వేసుకోవాలి? కాగితం మీద రాసివ్వగలరా?
• చివరిసారి తినేది ఎప్పుడు, నీళ్లు తాగేది ఎప్పుడు?
• ఆపరేషన్ అయ్యాక మెలకువ వచ్చేదాకా పక్కన ఎవరుంటారు? అవసరమైతే ఐసీయూ ఇక్కడే ఉందా?

మీరు చెప్పాల్సినవి

• గతంలో మత్తు తీసుకున్నప్పుడు మీకు గానీ, రక్తసంబంధీకులకు గానీ జరిగిన ఏ ఇబ్బంది అయినా
• ఎలర్జీలు, ఆయాసం, గట్టిగా గురకపెట్టి మధ్యలో ఊపిరి ఆగినట్టు అవడం
• ఆగకుండా రెండంతస్తులు మెట్లు ఎక్కగలరా లేదా
• పొగ, మద్యం, పొగాకు, నాటు మందులు, పొట్లాలు
• కట్టుడు పళ్లు, కదిలే పళ్లు

ఇన్ని అడిగితే డాక్టరు విసుక్కుంటారేమోనని సంకోచించకండి. తన పని తెలిసిన మత్తు డాక్టరు ఈ ప్రశ్నలు వస్తే సంతోషిస్తారు, ఎందుకంటే సగం జవాబులు ఆయనకు కావలసినవే. మా వైపు నుంచి సమయం లేదన్న మాట వస్తే, 'వాయిదా వేయగలిగిన ఆపరేషనే కదా, ఎప్పుడు వస్తే మాట్లాడగలరో చెప్పండి' అని మర్యాదగా అడగండి. గాయాలు, పురుటి అత్యవసరం వంటి సందర్భాల్లో అంత వ్యవధి ఉండదు, అప్పుడు డాక్టర్ల నిర్ణయం మీద నమ్మకం ఉంచాల్సిందే. గర్భసంచి, హెర్నియా, పిత్తాశయంలో రాళ్లు, మోకీలు మార్పిడి వంటి చాలా ఆపరేషన్లకు మాత్రం వ్యవధి ఉంటుంది. సర్జన్ కోసం నాలుగు ఫోన్లు చేసే మనం, మత్తు డాక్టరును ఒక్కసారి కలవడానికి అందులోంచి ఒక పూట తీసుకోవచ్చు.

(వ్యాసకర్త ప్రభుత్వ ఆసుపత్రిలో జనరల్ ఫిజీషియన్, ఎంబీబీఎస్, ఎండీ)